నూనె రాస్తే పోయేదేముంది?

గురజాల పక్కన మా ఊళ్ళో, ఇంటి ముందు అరుగు మీద మా పెదనాన్న కుడికాలు స్టూలు మీద చాపుకుని కూర్చున్నాడు. బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్ళంత పుండు. షుగరు వచ్చి పద్నాలుగేళ్ళయింది. పాదాలకు స్పర్శ తగ్గిపోవడంతో, మిరప కల్లంలో ముల్లు దిగిన సంగతి చీము కారేదాకా ఆయనకు తెలియలేదు. ఒళ్ళో నరసరావుపేటలో చేయించిన కల్చర్ రిపోర్టు. పక్కన, చుట్టాలెవరో తెచ్చిచ్చిన చిన్న గాజుసీసా. అందులో లవంగ నూనె, నీలగిరి తైలం కలిపి పోశారు. మందులకు లొంగని క్రిమిని కూడా ఇది చంపుతుందని చెప్పే వీడియో ఒకటి సీసా కంటే ముందే ఆయన ఫోనులోకి వచ్చేసింది.

రిపోర్టులో క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా పేరు, దాని కింద పదహారు మందుల జాబితా. పదమూడింటికి ఎదురుగా ‘ఆర్’. మూడింటికి ఎదురుగా ‘ఎస్’. ఆర్ అంటే ఆ మందును క్రిమి తట్టుకుంటోందని, ఎస్ అంటే ఆ మందుకు లొంగుతుందని. పెదనాన్న కాయితం నా ముందుకు తోశాడు.

“చూడరా, పై నుంచి కిందికి అన్నీ ఆరే. మందులు పనిచెయ్యవని వాళ్ళే రాసిచ్చారు. ఇంక ఈ నూనె రాస్తే పోయేదేముంది?”

“అన్నీ ఆర్ కాదు పెదనాన్నా. అడుగున మూడు ఎస్‌లు ఉన్నాయి. వీటిలో ఏది వాడాలో డాక్టరు గారు చెబుతారు. ఆస్పత్రిలో పడుకుని సూదులు, రోజూ డ్రెస్సింగు...”

“నేను పోయి ఆస్పత్రిలో పడుకుంటే కాయ కోతలు ఎవరు చూస్తారు?” అంటూ సీసా మూత తీశాడు.

మూడు వారాల తర్వాత గుంటూరులో ఆయన కాలు మోకాలి కిందికి తీసేశారు. ఇరవై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు సూక్ష్మజీవశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి, ఆ రోజు అరుగు మీద ఆ ఒక్క ప్రశ్నకు ఆయన మనసుకు ఎక్కేలా జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న ఆయనొక్కడిది కాదు. మాచర్ల నుంచి నరసరావుపేట దాకా ఏ ఇంట్లో మాట కదిపినా అదే వినబడుతోంది. అందుకే ఆ జవాబు ఇక్కడ పూర్తిగా చెబుతాను.

ముందు అవతలివాళ్ళ వాదనను ఉన్నదున్నట్టు పెడదాం. యాంటీబయాటిక్‌ల కాలం అయిపోయింది, క్రిములు వాటికి అలవాటు పడ్డాయి అంటారు. మొక్కల సుగంధ తైలాలు మొండి బాక్టీరియాను కూడా చంపుతున్నాయని ప్రయోగశాలల్లోనే రుజువైంది, ఈ తైలాల్లో ఎన్నో పదార్థాలు కలిసి ఉంటాయి కాబట్టి క్రిమి వాటిని ఎదిరించలేదు అంటారు. ప్రకృతి ఇచ్చినవి కాబట్టి హాని లేదని, మందుల కంపెనీలు లాభం కోసం వీటిని తొక్కిపెడుతున్నాయని కూడా అంటారు. చివరికి అందరూ వచ్చి ఆగేది పెదనాన్న ఆగిన చోటే: పోయేదేముంది?

ఈ వాదనలో నిజం పాలు ఉంది. ఆ పాలు ఎంతో తేల్చకుండా మిగతాదాన్ని ఖండించడం న్యాయం కాదు. పేరుతోనే మొదలుపెడదాం. ఇంగ్లీషువాళ్ళు ఎసెన్షియల్ ఆయిల్ అన్నారు కదా అని అది ఒంటికి అత్యవసరమైన నూనె అనుకునేవాళ్ళున్నారు. ఆ మాటకు అర్థం మొక్క సారం, దాని వాసనకు మూలమైన సారం అని. ఆకునో పువ్వునో గింజనో ఆవిరి పట్టి దించితే వచ్చే తైలం అది. నువ్వుల నూనె లాంటిది కాదు, ఆరుబయట పెడితే ఎగిరిపోతుంది. లవంగ నూనెలో యూజినాల్, నీలగిరి తైలంలో సినియోల్, నిమ్మగడ్డి నూనెలో సిట్రాల్, వాము నూనెలో థైమాల్ ప్రధానం. మన అమ్మమ్మలు వాము పువ్వు అని దాచుకున్న తెల్లటి స్ఫటికాలు థైమాలే. ఇవి బాక్టీరియాను చంపుతాయన్నది నూటికి నూరు పాళ్ళు నిజం. పంటి డాక్టరు పుచ్చిన పన్నులో పెట్టే తాత్కాలిక సిమెంటులో యూజినాల్ ఉంటుంది. లిస్టరిన్ పుక్కిలింత మందులో థైమాల్, సినియోల్, మెంథాల్ ఉన్నాయి. నోటిలో పాచిని అది తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది కూడా.

నా విద్యార్థుల చేత నేనే ఈ ప్రయోగం చాలాసార్లు చేయించాను. అరచేయంత గాజుపళ్ళెంలో అగరు జెల్లీ పోసి గడ్డకట్టనిస్తాం. దాని మీద బాక్టీరియాను దూదిపుల్లతో పలచగా పరుస్తాం. గోరులో సగమంత గుండ్రటి కాగితం బిళ్ళను వాము నూనెలో ముంచి మధ్యలో పెట్టి, 35 డిగ్రీల పెట్టెలో రాత్రంతా ఉంచుతాం. తెల్లారి చూస్తే పళ్ళెమంతా మసక, బిళ్ళ చుట్టూ మాత్రం అద్దంలా తేటగా ఒక వలయం. ఆ వలయంలో క్రిమి పెరగలేదన్నమాట. స్కేలు పెట్టి మిల్లీమీటర్లు కొలుస్తూ పిల్లలు పొంగిపోతారు. పక్క పళ్ళెంలో ఖరీదైన యాంటీబయాటిక్ బిళ్ళ చుట్టూ అంత వలయం లేకపోతే ఇక చెప్పక్కర్లేదు. ‘సర్, మందు ఓడిపోయింది, వాము గెలిచింది’ అంటారు. పేపర్లో వచ్చే వార్తకూ ఫోనులో తిరిగే వీడియోకూ పుట్టిల్లు ఆ పళ్ళెమే.

అదే పళ్ళెంలో బ్లీచింగ్ పౌడరు చిటికెడు వేసినా తేట వలయం వస్తుంది. ఫినాయిలు వేసినా వస్తుంది. వేడినీళ్ళు పోసినా క్రిమి చస్తుంది. అలాగని ఎవరూ బ్లీచింగ్ నీళ్ళు నరానికి ఎక్కించరు. క్రిమిని చంపడం కష్టమైన పని కాదు. మనిషిని బతికించి క్రిమిని చంపడం కష్టం. వైద్యశాస్త్రం వందేళ్ళుగా తలబద్దలు కొట్టుకుంటున్నది ఈ రెండో పని కోసం.

పెన్సిలిన్ ఎలా పనిచేస్తుందో చూడండి. బాక్టీరియా చుట్టూ గట్టి గోడ ఉంటుంది. మన కణాలకు ఆ గోడ లేదు. పెన్సిలిన్ ఆ గోడ కట్టుబడిని చెడగొడుతుంది. అందుకే క్రిమి పగిలి చస్తుంది, మన కణం క్షేమంగా ఉంటుంది. సుగంధ తైలం దెబ్బ కొట్టేది గోడను కాదు, లోపలున్న కొవ్వు పొరను. నూనె కొవ్వులో కరుగుతుంది కాబట్టి ఆ పొరలోకి చొరబడి చిల్లులు పొడుస్తుంది, లోపలి సరుకంతా బయటికి కారిపోతుంది. అయితే కొవ్వు పొర మన కణాలకూ ఉంది. చర్మానికి, కాలేయానికి, నరానికి అన్నిటికీ ఉంది. తైలానికి మనవాడెవడో పగవాడెవడో తేడా తెలియదు.

ఇక మోతాదు లెక్క. ఈ నూనెల్లో బాగా పరిశోధన జరిగింది ఆస్ట్రేలియా టీ ట్రీ నూనె మీద. పళ్ళెంలో స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియా పెరుగుదలను ఆపడానికి సుమారు 0.25 నుంచి 0.5 శాతం గాఢత కావాలని తేలింది. అదే స్టాఫిలోకాకస్ వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగుతుందని రాయాలంటే మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాముల లోపు మందుతోనే ఆగిపోవాలి. నూనెకు కావలసినది దానికి వెయ్యి రెట్లు పైమాట. దీన్ని ఒంటికి అన్వయించి చూడండి. పెద్ద మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో 0.5 శాతం అంటే 25 మిల్లీలీటర్లు, ఐదు చెంచాల పచ్చి నూనె. అది రక్తం మట్టుకే. నూనె రక్తంలోనే కూర్చోదు, ఒళ్ళంతా పాకుతుంది, కాలేయం దాన్ని విరగ్గొడుతుంది, కొంత రక్తంలోని ప్రొటీన్లకు అంటుకుని పనికిరాకుండా పోతుంది. చెంచాడు నీలగిరి తైలం మింగిన పసిపిల్లలు మూర్ఛలతో, స్పృహ లేకుండా ఆస్పత్రికి చేరిన సంఘటనలు వైద్య గ్రంథాల్లో నమోదై ఉన్నాయి. లవంగ నూనె తాగిన పసివాళ్ళకు కాలేయం దెబ్బతిన్న ఉదాహరణలూ ఉన్నాయి. క్రిమిని చంపేంత నూనె ఒంట్లోకి పోతే, క్రిమి కంటే ముందు మనిషి పోతాడు.

“మేం తాగమనడం లేదు, పుండు మీద రాయమంటున్నాం” అంటారు. ఆ మాటా తేలుద్దాం. పై పుండు వేరు, లోతు పుండు వేరు. షుగరు ఉన్నవాళ్ళ కాలిపుండు పైకి రూపాయంత కనబడుతుంది, లోపల కండరాన్ని దాటి ఎముక దాకా పోయి ఉంటుంది. పైన రాసిన నూనె పైనే ఆగుతుంది. పైగా క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ జాతి బాక్టీరియాకు బయట ఇంకో పొర అదనంగా ఉంటుంది. నూనె దాన్ని సులువుగా దాటలేదు. స్పర్శ లేని పాదానికి పచ్చి లవంగ నూనె రాస్తే చర్మం కాలినా తెలియదు. పెదనాన్న పుండు అంచులు తెల్లబడితే మానుతోందని సంతోషించారు. అది మానడం కాదు, చర్మం చచ్చిపోవడం.

నూనెను మనుషుల మీద పరీక్షించిన వాళ్ళూ ఉన్నారు. 2004లో ఫలితాలు వెలువడిన ఇంగ్లండు పరీక్షలో, మెథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ ఒంటి మీద చేరిన రెండు వందలకు పైగా రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు టీ ట్రీ క్రీము, ఒళ్ళు కడుక్కునే ద్రావణం. రెండో జట్టుకు మామూలుగా వాడే మందులు. క్రిమి వదిలిపోయింది నూనె జట్టులో 41 శాతం మందికి, మందుల జట్టులో 49 శాతం మందికి. ముక్కులో దాక్కున్న క్రిమిని మందుల జట్టుకు ఇచ్చిన మ్యుపిరోసిన్ 78 శాతం మందిలో తీసేస్తే, నూనె 47 శాతం మందిలోనే తీసింది. చర్మం పైన మాత్రం నూనె కొంచెం మెరుగనిపించింది. తర్వాత ఉత్తర ఐర్లండులో ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న దాదాపు 400 మంది మీద ఇంకో పరీక్ష జరిగింది. 5 శాతం టీ ట్రీ నూనెతో ఒళ్ళు తుడిచినవాళ్ళకూ, మామూలు సబ్బునీళ్ళతో తుడిచినవాళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇవి పళ్ళెంలో జరిగినవి కావు, మనుషుల మీద జరిగినవి. రెండూ కూడా చర్మం మీద, ముక్కులో చేరి ఊరుకున్న క్రిమిని వదిలించే ప్రయత్నాలే. రక్తంలోకి దిగిన మొండి బాక్టీరియాకు సుగంధ తైలంతో వైద్యం చేసి మనుషులను నిలబెట్టామని రుజువు చేసిన పెద్ద పరీక్ష ఒక్కటీ లేదు. వీడియోల్లో మాత్రం లెక్కలేనన్ని ఉన్నాయి.

ఇక ‘ప్రకృతి మందు’ అనే మాట. దీన్ని నేను ఖండించడమే కాదు, తిప్పి అప్పగిస్తాను. పెన్సిలిన్ ఎక్కడి నుంచి వచ్చింది? బూజు నుంచి. స్ట్రెప్టోమైసిన్? 1943లో మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీశారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు పెద్దగా ఉన్న కాలంలోనే బెంజమిన్ డగ్గర్ ఒక మట్టి నమూనాలోంచి ఆరియోమైసిన్‌ను పట్టుకున్నాడు. 1948లో లోకానికి వచ్చిన ఆ మందే టెట్రాసైక్లిన్ కుటుంబానికి పెద్దబిడ్డ. అంటే యాంటీబయాటిక్‌లు కూడా ప్రకృతి బిడ్డలే. వాటికీ మన సీసాకూ తేడా పుట్టుకలో లేదు, పరీక్షలో ఉంది. ఎంత ఇవ్వాలి, ఎన్నాళ్ళు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అని వేల మంది మీద తేల్చి చూసినది ఒకటి. చుట్టాలు చెప్పారని రాసుకున్నది ఇంకొకటి.

మన పెరట్లో బిళ్ళగన్నేరు ఉంటుంది. అందులోంచే విన్‌క్రిస్టిన్ అనే మందు తీశారు. రక్త కాన్సరు వచ్చిన ఎందరో పిల్లలు దానివల్ల బతికి బట్టకట్టారు. ఒక్కసారికి ఇచ్చే మోతాదు 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. దాటితే నరాలు చచ్చుబడతాయి. అంత పదును ఉన్న మొక్కను పట్టుకుని, ప్రకృతి కాబట్టి హాని లేదని ఆకు నూరి తాగించే తల్లి ఉంటుందా? చైనాలో తు యూయూ మలేరియాకు ఆర్టెమిసినిన్ కనిపెట్టింది పాత వైద్య గ్రంథం తిరగేసే. కానీ ఆమె ఆ ఆకును ఊరూరా పంచలేదు. సారం తీసి, జంతువుల మీద చూసి, తన మీదే ప్రయోగించుకుని, రోగుల మీద తేల్చాకే మందన్నారు. 2015లో నోబెల్ వచ్చింది ఆ తేల్చినందుకే. మొక్కకు అది గౌరవం. మొక్కను పరీక్షకు నిలబెట్టకుండా మహత్యం అంటగట్టడం గౌరవం కాదు. మన మాచర్ల పక్కన నాగార్జునకొండలో పదిహేడు వందల ఏళ్ళ కింద జ్వరం పడ్డవాళ్ళకు విగతజ్వరాలయం ఉండేదని చరిత్రకారులు చెబుతారు. ఆ వారసత్వం చెప్పుకునే మనం ఆ వైద్యుల ఓపికను కూడా వారసత్వంగా తీసుకోవాలి.

క్రిమి నూనెను ఎదిరించలేదన్న మాటకు కూడా ఆధారం చాలదు. సూడోమోనాస్ తన పొరలో ఉన్న పంపులతో యాంటీబయాటిక్‌లను ఎలా బయటికి తోడేస్తుందో, టీ ట్రీ నూనెలోని పదార్థాలనూ అలాగే తోడేస్తుంది. 1997లో అమెరికాలో స్టూవర్ట్ లెవీ బృందం ఇంకా కలవరపెట్టే సంగతి చూపించింది. నేల తుడిచే మందుల్లో వాడే పైన్ నూనెను తట్టుకున్న ఈ.కోలై, ఒక్క నూనెనే కాదు, పలు యాంటీబయాటిక్‌లను కూడా తట్టుకుంది. నూనె కోసం నేర్చిన విద్య మందు మీద పనికొచ్చిందన్నమాట. పలచగా, అరకొరగా, రోజుల తరబడి నూనె రాయడమంటే క్రిమిని చంపడం కాదు, దానికి సాము నేర్పడం. తక్కువ మోతాదు పెన్సిలిన్ గురించి ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించినది ఇదే. ఆ హెచ్చరిక నూనె సీసాకూ వర్తిస్తుంది.

కంపెనీలు తొక్కిపెడుతున్నాయన్న మాటకు నిజం తలకిందులుగా ఉంది. చాలా పెద్ద కంపెనీలు యాంటీబయాటిక్‌ల వైపే చూడటం మానేశాయి. కొత్త యాంటీబయాటిక్‌ను డాక్టర్లు అత్యవసరానికి దాచిపెడతారు, రోగి వాడేది కొద్ది రోజులే, కాబట్టి అమ్మకాలు ఉండవు. ప్లాజోమైసిన్ అనే కొత్త మందుకు 2018లో అమెరికాలో అనుమతి తెచ్చుకున్న అకోజెన్ కంపెనీ 2019లో దివాలా తీసింది. లాభం చూసే కంపెనీ నూనెకు భయపడి దాన్ని తొక్కడం లేదు, మందునే వదిలేసి పారిపోతోంది. మనం భయపడాల్సింది దానికి.

ఇంతదాకా నూనె గురించి. ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నూనె మీద ఇంత ఆశ పెట్టుకున్న మనం, క్రిమి మొండికెత్తింది ఎందుకని ఒక్కసారైనా అడిగామా? మన పల్నాడులో ‘మందు’ అనే మాట చూడండి. చేనుకు కొట్టేదీ మందే, ఒంటికి వేసేదీ మందే. ఇది మాటలో పోలిక మాత్రమే కాదు. మిరపలో బాక్టీరియా ఆకుమచ్చకు, పత్తిలో నల్లమచ్చకు రాగి మందుతో కలిపి కొట్టే ఆరు గ్రాముల పొట్లం మన రైతుకు బాగా తెలుసు. అందులో ఉండేది 90 శాతం స్ట్రెప్టోమైసిన్, 10 శాతం టెట్రాసైక్లిన్. ఒకటి క్షయ రోగికి ఇచ్చిన సూది. ఇంకొకటి సుబ్బారావు ప్రయోగశాల నుంచి వచ్చిన కుటుంబం. మట్టిలోంచి ఎంతో శ్రమపడి తీసిన మందును మనం ట్యాంకుల కొద్దీ మట్టికే తిరిగి తాగించాం. మట్టిలోని బాక్టీరియా దానికి అలవాటు పడక ఏంచేస్తుంది? ఈ మిశ్రమాన్ని వ్యవసాయంలో దశలవారీగా ఆపేయాలని కేంద్రం 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు తెచ్చింది. అంతకు ముందు 2019లో, ఆఖరి ఆయుధంగా దాచుకున్న కొలిస్టిన్‌ను కోళ్ళకు, పశువులకు వాడకూడదని నిషేధించింది. ఆఖరి ఆయుధాన్ని కోళ్ళ మేతలో కలిపే దాకా వచ్చామంటే ఎంత దూరం జారిపోయామో అర్థం చేసుకోండి.

ఇక ఊళ్ళో. జ్వరం వస్తే ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, ఒక సెలైను. మెడికల్ షాపులో “రెండు రోజులకు సరిపడా ఇవ్వండి” అని అడిగితే చీటీ లేకుండా మాత్రలు చేతిలో పడతాయి. ఒళ్ళు తేలిక పడగానే మిగతావి బీరువాలోకి. 2014 మార్చి నుంచి హెచ్1 షెడ్యూలు అమల్లో ఉంది. బలమైన యాంటీబయాటిక్ అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. 2016 నుంచి, మందు పట్టీ మీద ఎర్రగీత ఉంటే చీటీ లేకుండా కొనవద్దని ప్రచారం కూడా చేస్తున్నారు. ఎర్రగీత అంటే ఏమిటని మన ఊళ్ళో పదిమందిని అడిగి చూడండి. 2019 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో మందులకు లొంగని బాక్టీరియా నేరుగా బలి తీసుకున్నది 12.7 లక్షల మందినని లాన్సెట్‌లో వచ్చిన అంచనా. అందులో మన బీరువాల్లో మిగిలిపోయిన మాత్రల వాటా ఉంది.

2025 సెప్టెంబరులో గుంటూరు పక్కనే ఉన్న తురకపాలెంలో వరుస మరణాలు జనాన్ని భయపెట్టినప్పుడు, మెలియాయిడోసిస్ అనే పేరు అనుమానంగా పత్రికల్లోకి వచ్చింది. మట్టిలో, నీళ్ళలో ఉండే బాక్టీరియాతో వచ్చే జబ్బు అది. చిన్న గాయం చాలు లోపలికి పోవడానికి. షుగరు ఉన్నవాళ్ళనే ఎక్కువగా పట్టుకుంటుంది. మామూలుగా వాడే చాలా యాంటీబయాటిక్‌లకు ఆ బాక్టీరియా పుట్టుకతోనే లొంగదు. లొంగే మందులు మాత్రం ఉన్నాయి. సెఫ్టాజిడిమ్‌నో మెరోపెనెమ్‌నో కనీసం పది పద్నాలుగు రోజులు నరానికి ఎక్కించి, తర్వాత నెలల తరబడి మాత్రలు వాడితే మనిషి బతుకుతాడు. అయితే అది ఫలానా జబ్బని తెలియాలంటే కల్చర్ చెయ్యాలి. కల్చర్ రావడానికి రోజులు పడుతుంది. ఆ రోజుల్లో మనిషి నూనె సీసా దగ్గర కూర్చుంటే, పేరు తెలిసేసరికి మనిషి ఉండడు. చెప్పులు లేకుండా మాగాణిలో దిగే ప్రతి షుగరు రోగికీ ఈ సంగతి తెలియాలి.

అలాగని సుగంధ తైలాలను గిరాటు వెయ్యమని నేను అనడం లేదు. వాటికి చోటు ఉంది. నోటి శుభ్రతలో ఉంది, పంటి వైద్యంలో ఉంది. యాంటీబయాటిక్‌తో కలిపితే దాని పదును పెంచుతాయేమో చూసే పరిశోధనలు జరుగుతున్నాయి, జరగాలి. నాకు అన్నిటికంటే ఆశ కలిగించేది కోళ్ళ షెడ్డు, పాడి కొట్టం. కోళ్ళు బరువెక్కడానికి మేతలో యాంటీబయాటిక్‌లు కలపడాన్ని యూరప్ 2006లో పూర్తిగా ఆపేసింది. ఆ చోటును థైమాల్, కార్వక్రాల్ లాంటి మొక్కల నూనెలతో నింపే ప్రయత్నాలు అప్పటి నుంచే ఊపందుకున్నాయి. మన జాతీయ పాడి అభివృద్ధి మండలి గేదెల పొదుగువాపుకు కలబంద, పసుపు, సున్నం కలిపి నూరి పొదుగుకు పూసే పద్ధతిని కొలతలతో సహా రైతులకు నేర్పుతోంది. సున్నానికి మన పిడుగురాళ్ళ ఉంది, పసుపుకూ కలబందకూ కొదవ లేదు. జబ్బు మొదట్లో పైపూతతో తగ్గి గేదెకు ఒక సూది తప్పినా, రేపు మనిషి కోసం ఆ సూది పదును మిగులుతుంది. మొక్క చెయ్యగల మేలు అది: మందు స్థానంలో కూర్చోవడం కాదు, మందు వృథా కాకుండా కాపాడటం.

2022లో పల్నాడు జిల్లా అయింది. జిల్లా అన్నాక అడగాల్సినవి ఉన్నాయి. చీము పరీక్షకు, రక్తం కల్చర్‌కు పేదవాడు గుంటూరు పోనక్కర్లేకుండా ప్రతి పెద్ద ప్రభుత్వ ఆస్పత్రిలో ఆ సౌకర్యం పూర్తి స్థాయిలో ఉండాలి. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు ఆర్ అంటే ఏమిటో, ఎస్ అంటే ఏమిటో తెలుగులో ఒక్క ముక్క చెప్పాలి, కాయితం మీద తెలుగులో రాయాలి. మెడికల్ షాపు రిజిస్టరును అధికారులు తిరగేసి చూడాలి. షుగరు రోగులకు పాదాల పరీక్ష నెలనెలా జరగాలి. రైతుకు బాక్టీరియా మచ్చ తెగులుకు మనిషి మందు కాని దారి చూపించాలి. ఇవేవీ వీడియోలో రెండు నిమిషాల్లో చూపించేవి కావు. అందుకే వీటికి వ్యాప్తి లేదు. కానీ మొండి క్రిమి తల వంచేది వీటి ముందే.

ఇప్పుడు అరుగు మీద ప్రశ్నకు వస్తాను. నూనె రాస్తే పోయేదేముంది? పోయేది కాలం పెదనాన్నా. రిపోర్టు అడుగున ఉన్న మూడు ఎస్‌లు ఆ రోజు నీ కాలు నిలబెట్టగలిగి ఉండేవి. సీసా ఖాళీ అయ్యే మూడు వారాల్లో క్రిమి ఎముకను పట్టింది. కాలం పోతే కాలు పోయింది. ఇవాళ ఆయన అదే అరుగు మీద, అదే స్టూలు పక్కన కూర్చుని, పుండుతో వచ్చిన ఊరివాళ్ళ రిపోర్టులు అడిగి తీసుకుంటున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కానీ వేలు పెట్టి పై నుంచి కిందికి దిగుతూ ఎస్ అనే అక్షరం దగ్గర ఆగి, “ఇదిగో, ఇది పట్టుకుని ఇవాళే బండెక్కు” అని చెబుతున్నాడు.